వంద డాలర్ల నష్టం

2012 అక్టోబర్‌లో అబిగేల్ ఫిషర్ కేసు అమెరికా సుప్రీంకోర్టులో వాదనకు వచ్చే నాటికి ఆమె చదువే అయిపోయింది. తను తెల్లమ్మాయి కాబట్టే టెక్సస్ యూనివర్సిటీ సీటివ్వలేదని 2008లో కేసు వేసింది. కోర్టులు తేల్చేలోగా లూసియానా స్టేట్ యూనివర్సిటీలో చేరి, చదివి, పట్టా పుచ్చుకుంది. ఇప్పుడు గెలిచినా టెక్సస్‌ వెళ్లి మళ్లీ ఫస్టియర్‌లో కూర్చోదు కదా. తిరిగి ఇప్పించమని అడగడానికి చివరికి మిగిలింది దరఖాస్తు కోసం కట్టిన 100 డాలర్లు.

ఆ వంద డాలర్లు ప్లీడరు గారి జెరాక్స్ ఖర్చుకు కూడా చాలవు. కానీ అవి లేకపోతే కేసే లేదు. ఆమె లాయరు వాదన మొదలుపెట్టిన కాసేపటికే జస్టిస్ గిన్స్‌బర్గ్ ఆపి ఒక ప్రశ్న వేశారు. ఎలా చూసినా ఈమెకు సీటొచ్చేది కాదని యూనివర్సిటీ అంటోంది, అలాంటప్పుడు జాతిని కూడా లెక్కలోకి తీసుకునే యూనివర్సిటీ పాలసీ వల్ల ఈమెకు జరిగిన నష్టం ఏమిటి అన్నది ఆమె అడిగిన దాని సారాంశం. జాతి, సమానత్వం లాంటి పెద్ద మాటలు ఇంకా రాలేదు. ముందు నీకేం పోయిందో చెప్పు అన్నారు.

అమెరికా అడ్మిషన్లలో జాతి వివక్ష గురించి మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నడిచే చర్చంతా జాతిని చూడొచ్చా, చూడకూడదా అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. దానికంటే ముందొచ్చే ప్రశ్నను ఎవరూ పట్టించుకోరు: అసలు కోర్టు మెట్లెక్కే అర్హత ఎవరికుంది? నన్నడిగితే ఈ గొడవలో సగం ఆ గుమ్మం దగ్గరే తేలిపోయింది. ఆ గుమ్మం అందరికీ ఒకే వెడల్పున లేదు కూడా.

దీన్ని అమెరికా లాయర్లు స్టాండింగ్ అంటారు. మన కోర్టుల్లో లోకస్ స్టాండై అని వినిపించే మాటకు దగ్గరి చుట్టం. అక్కడి రాజ్యాంగం మూడో అధికరణం ఫెడరల్ కోర్టులకు నిజమైన కేసులు, వివాదాలు తేల్చే అధికారం మాత్రమే ఇచ్చింది. ఫలానా విధానం అన్యాయం అని ఊరికే వచ్చి వాదిస్తామంటే వినరు. వచ్చినవాడికి సొంతంగా దెబ్బ తగిలి ఉండాలి, ఆ దెబ్బ ప్రతివాది వల్ల తగిలిందే అయి ఉండాలి, కోర్టు ఉత్తర్వు ఇస్తే అది నయమయ్యేదై ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, లోపల ఎంత ఘోరం జరిగినా, కేసు బయటే ఆగిపోతుంది. మన దగ్గర ప్రజా ప్రయోజన వ్యాజ్యాల పుణ్యమా అని కోర్టుకు ఉత్తరం రాస్తే దాన్నే పిటిషన్‌గా తీసుకున్న సందర్భాలున్నాయి. అక్కడ ఆ వెసులుబాటు లేదు.

సీటు కేసుల్లో ఈ దెబ్బను చూపించడం ఎంత కష్టమో తెలియాలంటే మన ఎంసెట్‌ను పక్కన పెట్టుకుని చూడాలి (పేరు ఈఏపీసెట్ అని మారినా ఇళ్లలో ఇంకా ఎంసెటే). ఇక్కడ ర్యాంకు కాగితం మీద ఉంటుంది. నా ర్యాంకు ఎనిమిది వేలు, నాకు రాని సీటు నా కేటగిరీలోనే తొమ్మిది వేల ర్యాంకుకు వెళ్లింది అంటే, అలాట్‌మెంట్ లిస్టు చూపిస్తే చాలు. హార్వర్డ్‌కు ర్యాంకు లిస్టు లేదు. మార్కులు, వ్యాసాలు, టీచర్ల సిఫారసు లేఖలు, ఆటలు, పూర్వ విద్యార్థి ఎవరో చేసిన ఇంటర్వ్యూ, అన్నీ ముందేసుకుని ఒక కమిటీ ఓట్లేసి తేలుస్తుంది. నాది కావాల్సిన సీటు ఇదీ అని వేలుపెట్టి చూపిద్దామంటే అక్కడ వేలు పెట్టే చోటే ఉండదు.

దానికి తోడు కాలం. సీటు గడువు నెలల్లో ముగుస్తుంది, కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. మార్కో డిఫ్యూనిస్ అనే అతనికి వాషింగ్టన్ యూనివర్సిటీ లా కాలేజీలో సీటు రాలేదు. కేసు వేశాడు, కింది కోర్టు ఉత్తర్వుతో 1971లో చేరిపోయాడు. 1974లో సుప్రీంకోర్టు చేతికి వచ్చేసరికి చివరి క్వార్టర్ చదువుతున్నాడు. గెలిచినా ఓడినా పట్టా ఎలాగూ వస్తుంది కాబట్టి ఇందులో తేల్చాల్సిందేమీ మిగల్లేదని 5-4తో ఫైలు మూసేశారు. జాతిని లెక్కలోకి తీసుకోవచ్చా లేదా అని దేశమంతా ఎదురుచూస్తే దొరికిన జవాబు అది.

నాలుగేళ్ల తర్వాత ఈ ముడి ఒక ఫుట్‌నోట్‌లో వీడింది. అలన్ బాకీ ఇంజనీరు, డాక్టరు కావాలనుకున్నాడు. కాలిఫోర్నియాలో డేవిస్ మెడికల్ కాలేజీకి 1973లో, మళ్లీ 1974లో దరఖాస్తు పెట్టాడు, రెండుసార్లూ రాలేదు. అక్కడి 100 సీట్లలో 16 మైనారిటీ జాతుల వాళ్లకు విడిగా పెట్టారు. 1978లో సుప్రీంకోర్టు ఆ కోటాను కొట్టేసింది, జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడటం మాత్రం తప్పు కాదంది. అందరూ గుర్తుపెట్టుకున్నది ఇదే. జస్టిస్ పావెల్ కింద చిన్నక్షరాల్లో రాసింది ఇంకొకటి ఉంది. కోటా లేకపోతే బాకీకి సీటు వచ్చేదని రుజువు కానక్కర్లేదు, అతన్ని మొత్తం 100 సీట్లకూ పోటీ పడనివ్వలేదు, ఆ నష్టం చాలు అన్నారు.

అంటే దెబ్బ అన్న మాటకే అర్థం మారింది. అంతకుముందు పందెంలో ఓడిపోవడం దెబ్బ. ఇప్పుడు గీతకు రెండడుగులు వెనక నిలబెట్టడమే దెబ్బ, గెలిచేవాడివా కాదా అన్నది అనవసరం. 1993లో జాక్సన్‌విల్ నగర కాంట్రాక్టుల కేసులో కోర్టు దీన్ని పూర్తి స్థాయి సూత్రంగా నిలబెట్టింది. 2003లో మిషిగన్ యూనివర్సిటీ 150 పాయింట్ల లెక్కలో మైనారిటీ జాతులకు 20 పాయింట్లు కలపడం మీద కేసు వచ్చినప్పుడు, ఇద్దరు వాదుల్లో ఒకతను అప్పటికే వేరే యూనివర్సిటీలో చేరిపోయి ఉన్నాడు. పాలసీ తీసేస్తే బదిలీ మీద వద్దామనుకున్నానన్నాడు. సరే, సరిపోతుందన్నారు. జస్టిస్ స్టీవెన్స్ మాత్రం ఇదేం అర్హత అని విడిగా రాశారు.

డబ్బు దగ్గరికొస్తే మాత్రం పాత లెక్కే. జాతిని చూడకపోయినా నీకు సీటు వచ్చేది కాదని యూనివర్సిటీ రుజువు చేస్తే నష్టపరిహారం పైసా రాదని 1999లో లెసాజ్ అనే పీహెచ్‌డీ అభ్యర్థి కేసులో చెప్పారు. ఫిషర్ వంద డాలర్లకు టెక్సస్ యూనివర్సిటీ అడ్డం వేసింది ఈ కేసునే. 2013 తీర్పులో కోర్టు ఆ విషయం ఎత్తకుండానే ముందుకు వెళ్లిపోయింది. 2016లో రెండోసారి విని 4-3తో యూనివర్సిటీనే గెలిపించింది. వంద డాలర్లు రాలేదు, కానీ అవి పట్టుకుని రెండుసార్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లడం కుదిరింది.

ఈ తకరారు మనకూ తెలిసిందే. 1950లో చంపకం దొరైరాజన్ మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ కూడా కలిసే ఉన్నాయి. నాలుగు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 330 సీట్లు, వాటిని కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు: ప్రతి 14 సీట్లకు బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. బ్రాహ్మణ మహిళ కాబట్టి తనకు సీటు దొరకదని విచారిస్తే తెలిసిందని ఆవిడ పిటిషన్. కేసు సుప్రీంకోర్టుకు చేరాక న్యాయమూర్తులు అఫిడవిట్ తిరగేస్తే కాలేజీకి దరఖాస్తు పెట్టినట్టు అందులో ఎక్కడా లేదు. కేసు గెలిస్తే ఒక సీటు ఉంచుతామని ప్రభుత్వం ముందే ఒప్పుకుంది కాబట్టి ఈసారికి దీని లోతుల్లోకి వెళ్లం గానీ, దరఖాస్తే పెట్టనివాళ్లు వచ్చి ప్రాథమిక హక్కు పోయిందంటే మేం ఒప్పుకున్నట్టు అనుకోవద్దు అని కోర్టు గట్టిగానే హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఎవరికీ గుర్తులేదు. 1951 ఏప్రిల్ 9న జీవో పోయింది, దాని వెంటనే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే 15(4) చేరింది. మన రిజర్వేషన్ల చరిత్రకు మొదటి పేజీలాంటి కేసు, అప్లికేషనే లేని పిటిషనర్‌తో మొదలైంది.

మళ్లీ అమెరికాకు వద్దాం. ఫిషర్ కేసు వెనక ఉన్న మనిషి ఎడ్వర్డ్ బ్లమ్. లాయరు కాదు, ఒకప్పటి స్టాక్ బ్రోకరు. ఒక్క విద్యార్థిని నమ్ముకుంటే ఆ విద్యార్థి డిగ్రీ పూర్తవగానే కేసు నీరుగారిపోతుందని అతనికి అనుభవం మీద అర్థమైంది. 2014లో స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్ అనే సంస్థ పెట్టి, అదే ఏడాది నవంబర్‌లో హార్వర్డ్ మీద, నార్త్ కరోలినా యూనివర్సిటీ మీద కేసులు వేశాడు. సభ్యుడికి కోర్టుకెళ్లే అర్హత ఉంటే అతని తరఫున సంఘం వెళ్లొచ్చని 1977లో వాషింగ్టన్ యాపిల్ వ్యాపారుల కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. యాపిల్ పెట్టెల మీద ఏ గ్రేడు ముద్ర వెయ్యాలన్న తగాదాలో పుట్టిన సూత్రం హార్వర్డ్ గేటు తీసింది. ఒక సభ్యుడు డిగ్రీ ముగిస్తే ఇంకొకడు ఉంటాడు. సంఘానికి గ్రాడ్యుయేషన్ ఉండదు.

హార్వర్డ్ ఊరుకోలేదు. ఇది సంఘమా, ఒక్క మనిషి పెట్టిన బోర్డా అని అడిగింది. ఇరవై వేల మందికి పైగా సభ్యులున్నారు, నిజమే. కానీ కేసు వేసేనాటికి నాయకత్వాన్ని ఎన్నుకునే హక్కు వాళ్లకు లేదు, 10 డాలర్ల సభ్యత్వ రుసుము కూడా ఆ తర్వాత పెట్టిందే. 2023 తీర్పులో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ దీన్ని త్వరగానే దాటేశారు. తమంతట తాము చేరిన నిజమైన సభ్యులున్నారు, వాళ్లలో అర్హత ఉన్నవాళ్లున్నారు, చాలన్నారు. చట్టం ప్రకారం ఆయన మాట తప్పు అనలేను. కాకపోతే ఆ మూడు నాలుగు పేజీలే లేకపోతే మిగతా తీర్పుకు చోటే లేదు.

బోస్టన్‌లో 2018 అక్టోబర్‌లో మొదలైన మూడు వారాల విచారణను దగ్గరగా చూస్తే విచిత్రం ఇంకా బాగా కనిపిస్తుంది. ఆసియన్ అమెరికన్లకు అన్యాయం జరిగిందన్నది ఆరోపణ, కానీ సీటు రాని ఆసియన్ విద్యార్థి ఒక్కరూ వచ్చి సాక్ష్యం చెప్పలేదు. సాక్ష్యం చెప్పింది లెక్కలు. ఆరేళ్ల దరఖాస్తులు, లక్షన్నరకు పైగా ఫైళ్లు. సంఘం తరఫున డ్యూక్ యూనివర్సిటీ ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో, హార్వర్డ్ తరఫున బర్క్లీ నుంచి డేవిడ్ కార్డ్ (ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది). ఇద్దరి ముందూ ఉన్నది ఒకే డేటా, చెప్పింది మాత్రం పూర్తిగా ఎదురెదురు. గొడవంతా పర్సనల్ రేటింగ్ దగ్గర. చదువులోనూ, బయటి కార్యకలాపాల్లోనూ ముందున్న ఆసియన్ పిల్లలకు వ్యక్తిత్వం గడిలో మాత్రం సగటున తక్కువ మార్కులు పడుతున్నాయి. ఆ మార్కు వేసే ఆఫీసర్లలో చాలామంది ఆ పిల్లల్ని కళ్లతో చూసి కూడా ఉండరు. ఉద్దేశపూర్వక వివక్ష రుజువు కాలేదని కింది జడ్జి 2019లో తీర్పిచ్చారు, అప్పీలు కోర్టు సరేనంది, 2023 జూన్ 29న సుప్రీంకోర్టు దాన్ని తలకిందులు చేసింది, జాతిని చూసి సీట్లిచ్చే ఈ పద్ధతులు చెల్లవంది.

సీటు పొందిన విద్యార్థుల సంగతి? ఆ పాలసీ పోతే నష్టపోయే నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థులు కొందరు మమ్మల్నీ పార్టీలుగా చేర్చుకోండి అని అడిగారు. హార్వర్డ్ కేసులో కోర్టు కుదరదంది, సలహాదారుల హోదా మాత్రం ఇచ్చి కొంత పాల్గొననిచ్చింది. నార్త్ కరోలినాలో చేర్చుకుంది. యూనివర్సిటీ వాళ్ల తరఫున కూడా వాదిస్తుంది కదా అన్నది ఇలాంటి చోట చెప్పే కారణం. వాదిస్తుంది, నిజమే. కానీ మా కాలేజీలో ఇన్నాళ్లూ నల్లవాళ్ల పట్ల వివక్ష ఉంది, దాన్ని సరిచేయడానికే ఈ పాలసీ అని ఏ యూనివర్సిటీ తనంతట తాను కోర్టులో ఒప్పుకుంటుంది?

గుమ్మం అందరికీ ఒకే వెడల్పున లేదన్నాను. అది కనబడేది 1984 నాటి ఆలెన్ కేసులో. తెల్లపిల్లల్ని మాత్రమే చేర్చుకునే ప్రైవేటు స్కూళ్లకు పన్ను రాయితీ ఇవ్వకూడదని చట్టం. పన్నుల శాఖ చూసీ చూడనట్టు వదిలేస్తోందని, దాంతో ప్రభుత్వ బడుల నుంచి తెల్లపిల్లలు అటు జారిపోయి తమ పిల్లలకు కలిసి చదివే అవకాశం పోతోందని నల్లజాతి తల్లిదండ్రులు కేసు వేశారు. కోర్టు 5-3తో వెనక్కి పంపింది. మీ పిల్లలు ఆ స్కూళ్లకు దరఖాస్తు పెట్టలేదు, అవమానం అనేది అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు, రాయితీ తీసేస్తే ఆ స్కూళ్లు మారతాయని ఎవరు చెప్పగలరు, గొలుసు చాలా పొడుగ్గా ఉంది అన్నారు. న్యాయంగా చెప్పాలంటే రెండూ అచ్చంగా ఒకటి కాదు. బాకీ ఆ కాలేజీ మెట్ల దాకా వెళ్లాడు, వీళ్లు వెళ్లలేదు. కానీ సీటు వచ్చేదో రాదో రుజువు అక్కర్లేదన్న కోర్టే ఇక్కడ ఆ స్కూళ్లు మారతాయో మారవో రుజువు తెమ్మంది.

రెండో తలుపు 2001లో మూసుకుంది. 1964 పౌర హక్కుల చట్టం ఆరో భాగం ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ సంస్థా జాతి వివక్ష చూపకూడదు. కావాలని చూపిన వివక్ష మీద మామూలు మనిషి కేసు వెయ్యొచ్చు. ఉద్దేశం లేకపోయినా ఫలితంలో ఒక జాతిని తొక్కేసే నిబంధన మీద వెయ్యలేడని శాండోవల్ కేసులో 5-4తో తేల్చారు. అలబామాలో డ్రైవింగ్ పరీక్ష ఇంగ్లిష్‌లోనే పెట్టడం మీద వచ్చిన కేసు అది, దాని నీడ మాత్రం యూనివర్సిటీల మీద పడింది. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్లవాళ్లలో 43 శాతం దాకా క్రీడాకారులో, పూర్వ విద్యార్థుల పిల్లలో, డీన్ గారి లిస్టులో ఉన్నవాళ్లో (దాతల పిల్లల్లాంటి వాళ్లు), ఉద్యోగుల పిల్లలో అని అదే విచారణ డేటాలో బయటపడింది. మిగతా జాతుల్లో అది 16 శాతం లోపే. మన మేనేజ్‌మెంట్ కోటాకైతే కనీసం ఒక పేరుంది. దీని మీద నేరుగా కోర్టుకెళ్లడం కష్టం, ఎందుకంటే నిబంధనలో జాతి అన్న మాటే లేదు. అందుకే 2023 జులైలో, తీర్పొచ్చిన కొద్ది రోజులకే, నల్లజాతి, లాటినో సంఘాల తరఫు లాయర్లు కోర్టుకు పోకుండా విద్యా శాఖకు ఫిర్యాదు ఇచ్చారు.

ఇదే కత్తి అటూ తెగుతుంది, ఇటూ తెగుతుంది. ఉత్తర వర్జీనియాలో మన వాళ్లు పిల్లల్ని చేర్చాలని తపించిపోయే థామస్ జెఫర్సన్ హైస్కూలు ఉంది. 2020లో ఎంట్రన్స్ తీసేసి, ప్రతి మిడిల్ స్కూలు నుంచి పైనున్న 1.5 శాతానికి సీట్లు కేటాయించారు. ఆసియన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కు పడింది. భారతీయులు కూడా ఉన్న తల్లిదండ్రుల కూటమి కేసు వేసింది. గుమ్మం దాటారు, కింది కోర్టులో గెలిచారు. 2023లో అప్పీలు కోర్టు కొట్టేసింది: కాగితం మీద జాతి లేదు, ఆసియన్లను తగ్గించాలన్న ఉద్దేశం రుజువు కాలేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినడానికి కూడా ఒప్పుకోలేదు. నల్లజాతి వాదుల్ని ఏళ్ల తరబడి ఆపుతున్న 'ఉద్దేశం చూపించు' అనే గేటు దగ్గరే ఈసారి మన వాళ్లూ ఆగిపోయారు.

ఇక అమెరికా కాలేజీల సీట్ల ఫలితాలొచ్చే ప్రతి మార్చి చివర వినిపించే ప్రశ్న, మా వాడికి ఇంత స్కోరొచ్చినా సీటు రాలేదు, కేసు వెయ్యొచ్చా? వెయ్యొచ్చు. జాతిని చూశారనడానికి ఆధారం ఉంటే గుమ్మం దాటడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. తర్వాతే ఉంది అసలు సంగతి. స్కోరు ఎక్కువ, సీటు లేదు అన్నది ఆధారం కాదు. లోపలి ఫైళ్లు బయటికి లాగడానికి ఏళ్లు, లక్షల డాలర్లు పడతాయి. లాయరు అక్కర్లేని దారి విద్యా శాఖలోని పౌర హక్కుల కార్యాలయానికి ఫిర్యాదు, సాధారణంగా 180 రోజుల్లోపు ఇవ్వాలి. కాకపోతే 2025 మార్చిలో ఆ కార్యాలయపు 12 ప్రాంతీయ ఆఫీసుల్లో 7 మూసేశారు, కాబట్టి జవాబు ఎప్పుడొస్తుందో అని ఎదురుచూస్తూ టెన్షన్ పడే బదులు వచ్చిన కాలేజీలో చేరడమే మంచిది. పైగా తీర్పు తర్వాత మన పిల్లలకు సీట్లు వరదలా వచ్చాయనుకుంటే, హార్వర్డ్‌లో మొదటి ఏడాది ఆసియన్ల వాటా 37 శాతం దగ్గరే ఆగింది, నల్లవాళ్లది 18 నుంచి 14కు తగ్గింది. ఎంఐటీలో ఆసియన్లు 40 నుంచి 47కు పెరిగారు, నల్లవాళ్లు 15 నుంచి 5కు పడిపోయారు.

వాది అనేవాడు ఎంత ముఖ్యమో చెప్పడానికి అన్నిటికంటే పాత కేసొకటి ఉంది. లాయిడ్ గెయిన్స్ మిస్సోరి యూనివర్సిటీ లా కాలేజీకి దరఖాస్తు పెట్టాడు. నల్లవాడివి, పక్క రాష్ట్రంలో చదువుకో, ఫీజు మేం కడతాం అంది మిస్సోరి. 1938 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు అది చెల్లదంది, ఇక్కడే చదువు చెప్పాలంది. రాష్ట్రం హడావిడిగా సెయింట్ లూయిస్‌లో పాత బ్యూటీ కాలేజీ భవనంలో నల్లవాళ్లకు వేరే లా కాలేజీ తెరిచింది. అది తెల్లవాళ్ల కాలేజీకి సమానమా కాదా తేల్చడానికి కేసు మళ్లీ కింది కోర్టుకు వెళ్లింది. గెయిన్స్ తరఫు లాయరు చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ సమానం కాదని నిరూపించడానికి సిద్ధంగా ఉన్నారు. ఈలోగా గెయిన్స్ డబ్బుల్లేక, ఉద్యోగం దొరక్క ఊరూరూ తిరుగుతూ షికాగో చేరాడు. 1939 మార్చి 19 సాయంత్రం స్టాంపులు కొనుక్కొస్తానని బస నుంచి బయటికి వెళ్లాడు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

వాది లేడు కాబట్టి కేసు కొట్టేశారు. 2006లో మిస్సోరి యూనివర్సిటీ అతనికి గౌరవ న్యాయశాస్త్ర పట్టా ఇచ్చింది.